రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లో లోపం బయటపడితే: వాపసుకు, డబ్బుకు మీకున్న హక్కులు

రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్, అంటే ఒకరు వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మే ల్యాప్‌టాప్, కొన్న వారం పది రోజులకే తెర మినుకుమినుకుమనడమో, ఛార్జింగ్ గంటకే అయిపోవడమో మొదలైతే, అమ్మినవారి దగ్గర చాలామందికి ఎదురయ్యే సమాధానం ఒకటే: “ఇది కొత్తది కాదు కదండీ, రీఫర్బిష్డ్. ఈ ధరకు ఇలాగే ఉంటుంది.” ఆ మాటకు ఏం బదులు చెప్పాలో తెలియక, సొంత డబ్బు పెట్టి బాగు చేయించుకుని ఊరుకునేవారు ఎందరో ఉన్నారు. అలా ఊరుకోవలసిన అవసరం లేదు. భారతదేశంలో అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం కొత్త వస్తువుకు ఒక న్యాయం, పాత వస్తువుకు ఒక న్యాయం అని విడదీయలేదు. తక్కువ ధరకు కొన్నంత మాత్రాన పనిచేయని వస్తువును భరించాలన్న నియమమూ అందులో లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని చాలా భాగం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ‘లోపం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని ఈ వ్యవహారానికంతటికీ పునాదిగా భావించాలి. వస్తువు నాణ్యతలోగాని, పరిమాణంలోగాని, ప్రమాణంలోగాని ఉండే ఏ కొరత అయినా లోపమే. అయితే ఆ కొరతను దేనితో పోల్చి నిర్ణయించాలన్నది అసలు ప్రశ్న. దానికి చట్టం మూడు కొలతలు చెప్పింది: ఏదైనా చట్టం విధించిన ప్రమాణం, కొనుగోలు ఒప్పందంలో స్పష్టంగానో అంతర్లీనంగానో ఉన్న ప్రమాణం, వ్యాపారి ఏ రూపంలోనైనా తన వస్తువు గురించి చెప్పుకున్న ప్రమాణం. రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొన్నవారికి ఈ మూడో కొలతే పెద్ద అండ. ఆరేళ్లు వాడిన యంత్రం కొత్తదానిలా లేదని మీరు ఫిర్యాదు చేయలేరు. “నలభై రకాల పరీక్షలు చేశాం, బ్యాటరీ ఆరోగ్యం 80 శాతానికి పైనే ఉంటుంది, ఆరు నెలల వారంటీ ఉంది” అని రాసి అమ్మిన యంత్రం ఆ మాటకు తగినట్టు లేకపోతే మాత్రం, అది ఎన్నేళ్లు వాడినదైనా సరే, లోపమున్న వస్తువే అవుతుంది.

అందుకే ఈ వివాదాల్లో గెలుపోటములు చాలావరకు కొనక ముందే నిర్ణయమైపోతాయని నా నమ్మకం. అమ్మేవారు ఏం చెప్పి అమ్మారో చూపించగలిగినవారి చేతిలో ఆధారం ఉన్నట్టే.

కొనే రోజున దాచుకోవలసినవి

ఆన్‌లైన్‌లో కొంటున్నట్లయితే ఆర్డర్ పెట్టే ముందే ఆ వస్తువు పేజీ మొత్తాన్ని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. ధర, మోడల్ పేరు, ప్రాసెసర్, ర్యామ్, నిల్వ సామర్థ్యం, గ్రేడ్, వారంటీ కాలం, వాపసు గడువు, అమ్మేవారి పేరు, అన్నీ అందులో పడాలి. ఆ పేజీని అమ్మకందారు మర్నాడే మార్చివేయవచ్చు, వస్తువు అమ్ముడైపోగానే తొలగించవచ్చు. తర్వాత మీ దగ్గర మిగిలే ఆర్డర్ ఈమెయిల్‌లో “ల్యాప్‌టాప్, ఒకటి” అన్న వివరం తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు.

గ్రేడ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అని రాసేది సాధారణంగా పైకి కనిపించే గీతలను, నొక్కులను, రంగు వెలిసిన తీరును బట్టి రాసేదే. బీ గ్రేడ్ అని చెప్పి అమ్మారు గనుక మూతమీద గీతలున్నాయని మీరు అభ్యంతరం చెప్పలేరు. కానీ కీబోర్డులో మూడు అక్షరాలు పడకపోవడానికీ, వైఫై తెగిపోతూ ఉండటానికీ గ్రేడ్‌తో సంబంధం లేదు. అమ్మినవారు ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే వెంటనే విడదీసి చెప్పాలి.

దుకాణంలో నేరుగా కొంటే బిల్లు తప్పక అడగాలి. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా లెక్కించింది. బిల్లుమీద ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు రాయించుకోవాలి, ‘రీఫర్బిష్డ్’ అన్న మాట, వారంటీ ఎన్ని నెలలన్నది కూడా ఉండాలి. పాతదాన్ని బాగుచేసి కొత్తదని చెప్పి అమ్మడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని చట్టం పేరుపెట్టి మరీ చెప్పింది. తయారీదారు వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూస్తే అసలు వారంటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చాలా కంపెనీల విషయంలో తెలిసిపోతుంది. కొత్తదని చెప్పి కట్టబెట్టిన పాత యంత్రాలు ఎక్కువగా అక్కడే దొరికిపోతాయి.

వ్యాపారం పేరుమీద జీఎస్టీ నంబరు వేయించుకుని బిల్లు తీసుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. తిరిగి అమ్మడానికిగాని, వాణిజ్య అవసరానికిగాని కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని, తామే వాడుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఇంట్లో కూర్చుని అనువాదాలో, డిజైన్లో చేసుకునే ఒంటరి మనిషి ఆ మినహాయింపు కిందికి వస్తారు. పది మంది ఉద్యోగుల కోసం పది ల్యాప్‌టాప్‌లు కొన్న సంస్థ రావడం కష్టం. సొంత వాడకానికి కొనేటప్పుడు పన్ను మినహాయింపు కోసం సంస్థ పేరుమీద బిల్లు తీసుకుంటే, రేపు ఎదుటి పక్షం మొదట ఎత్తిచూపేది దాన్నే.

అలాగే, వ్యాపారి కాని ఒక వ్యక్తి తను వాడుకున్న ల్యాప్‌టాప్‌ను మీకు నేరుగా అమ్మితే, ఇక్కడ చెబుతున్న రక్షణలను అతని మీద ప్రయోగించడం దాదాపు అసాధ్యం. అక్కడ మీకు మిగిలేది ఒప్పందాల చట్టం, సివిల్ కోర్టు మాత్రమే.

చేతికి వచ్చిన మొదటి రెండు రోజులు

పెట్టె తెరుస్తున్నప్పుడు ఆపకుండా ఒకే వీడియో తీయడం మంచిది. పెట్టెమీది చిరునామా చీటీ, సీలు, లోపలి యంత్రం, దాని అడుగున ఉన్న సీరియల్ నంబరు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు కనిపించిన తెర అందులో ఉండాలి. వీడియో లేకపోతే వాపసు తీసుకోబోమని కొన్ని కంపెనీలు అంటాయి. వీడియో లేనంత మాత్రాన మీ హక్కు పోతుందని చట్టం చెప్పలేదు గాని, వీడియో ఉంటే వాదన సగం తగ్గిపోతుంది. డెలివరీ మనిషి ఎదుటే పెట్టె తెరిచి చూపించే పద్ధతి ఉంటే, యంత్రాన్ని చూసిన తర్వాతే ఓటీపీ చెప్పాలి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను నిజంగా పరీక్షించాలి. పని ఉన్నప్పుడు చూసుకుందాంలే అని అలమరలో పెట్టేసి, వాపసు గడువు దాటాక తెరిచేవారు నష్టపోతారు. బ్యాటరీతో మొదలుపెట్టండి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. తయారైన నాడు 50,000 మిల్లీవాట్ అవర్లు నిలుపుకున్న బ్యాటరీ ఇప్పుడు 31,000 మాత్రమే నిలుపుకుంటుంటే దాని ఆరోగ్యం 62 శాతం. 80 శాతం అని చెప్పి అమ్మి ఉంటే, ఇక వాదించడానికేమీ లేదు, ఆ అంకెలే మాట్లాడతాయి. మ్యాక్‌బుక్ అయితే సిస్టమ్ సమాచారంలో పవర్ విభాగం కింద సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు పూర్తి ఛార్జ్ వాడారో చెప్పే లెక్క), బ్యాటరీ స్థితి రెండూ ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు నిల్వ ఉండే డిస్క్) ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ర్యామ్, ప్రాసెసర్ పేజీలో రాసినవేనా, విండోస్ యాక్టివేట్ అయి ఉందా, ప్రతి యూఎస్‌బీ పోర్టూ పనిచేస్తోందా, కెమెరా, మైకు, స్పీకర్లు, కీబోర్డులోని ప్రతి మీట, మూత కీలు, తెర మీద నల్లచుక్కలు, అన్నీ ఒకే విడతలో చూసేయాలి.

చాలామంది గమనించని లోపం ఒకటుంది. రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఒకప్పుడు ఏదో సంస్థ ఉద్యోగులు వాడినవే. ఆ సంస్థ, తన యంత్రాలను దూరం నుంచే అదుపు చేసే నిర్వహణ వ్యవస్థ నుంచి యంత్రాన్ని తొలగించకుండా అమ్మేస్తే, మీరు విండోస్‌నో మ్యాక్‌ఓఎస్‌నో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపిన మరుక్షణం, ఆ పాత సంస్థ పేరుతో లాగిన్ అడిగే తెర ప్రత్యక్షమవుతుంది. బయాస్‌కు (ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్‌కు) పాస్‌వర్డ్ ఉండిపోవడం కూడా ఈ కోవదే. పైకి అంతా బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా, ఆ యంత్రం మీద పూర్తి అధికారం మీకు రాలేదన్నమాట. దీన్ని చిన్న అసౌకర్యంగా తీసుకోకుండా వెంటనే ఫోటో తీసి వాపసు కోరాలి, ఎందుకంటే ఆ తాళాన్ని తీయగలిగేది పాత యజమాని సంస్థ లేదా దాని ద్వారా అమ్మినవారు మాత్రమే.

లోపం కనిపించిన తర్వాత చేయకూడని పని, వీధి చివరి రిపేరు దుకాణంలో ఇచ్చి విప్పించడం. సీలు తెగిందంటే, లోపం మీరు కలిగించినదేనని చెప్పడానికి ఎదుటివారికి అవకాశం ఇచ్చినట్టే. నిపుణుడి అభిప్రాయం కావాలనుకుంటే, విప్పకుండా పరీక్షించి లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమని అధీకృత సర్వీస్ సెంటర్‌ను అడగాలి.

ఫిర్యాదు రాతలో ఉండాలి

ఫోనులో ఎంతసేపు మాట్లాడినా అది లెక్కలోకి రాదు, రాసినదే నిలుస్తుంది. ఫోనులో మాట్లాడినా, అదే రోజు దాని సారాంశాన్ని ఈమెయిల్‌లో పెట్టాలి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ప్రతి ఆన్‌లైన్ సంస్థ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, అతని పేరు, సంప్రదించే వివరాలు తన వెబ్‌సైట్‌లో చూపించాలి. ఆ అధికారి 48 గంటల్లోగా ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో వారాల తరబడి తిరిగే బదులు నేరుగా ఈ అధికారికి రాయడం నయం. ఉత్తరం ఈ తీరులో ఉంటే చాలు:

“ఫలానా తేదీన, ఫలానా ఆర్డర్ నంబరుతో, ఫలానా సీరియల్ నంబరు గల రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌ను మీ వద్ద ఇంత మొత్తం చెల్లించి కొన్నాను. అమ్మకపు పేజీలో బ్యాటరీ ఆరోగ్యం 80 శాతానికి తగ్గదని మీరు పేర్కొన్నారు. వస్తువు అందిన రోజే తీసిన నివేదిక ప్రకారం అది 62 శాతం ఉంది. ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపం. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని, నేను చెల్లించిన మొత్తాన్ని చెల్లించిన మార్గంలోనే తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా పరిష్కరించని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అమ్మకపు పేజీ చిత్రం, బిల్లు, బ్యాటరీ నివేదిక జతచేశాను.”

కోపం, నిందలు, సామాజిక మాధ్యమాల్లో పెడతానన్న బెదిరింపులు ఇందులో ఉండకూడదు. ఇలాంటి వివాదాలను విచారించే వినియోగదారుల కమిషన్ సభ్యులు రేపు చదివేది ఈ ఉత్తరాన్నే.

దీనికి సాధారణంగా నాలుగు రకాల సమాధానాలు వస్తాయి. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని బిల్లు మీదే ఉంది” అన్నది మొదటిది. లోపమున్న వస్తువు విషయంలో ఆ ముద్రకు విలువ లేదు. బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అన్నది. ఆన్‌లైన్ అమ్మకందారులైతే, వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వాపసును నిరాకరించరాదని ఈ-కామర్స్ నిబంధనలు విడిగా ఆదేశించాయి. వస్తువు బాగానే ఉండి మీ మనసు మారితే మాత్రం ఈ హక్కు వర్తించదు. అది పూర్తిగా అమ్మినవారి వాపసు విధానం మీద ఆధారపడిన విషయం, మన దేశంలో దానికి చట్టపరమైన హామీ లేదు.

“మేం వేదిక మాత్రమే, అమ్మింది వేరేవారు” అన్నది రెండో సమాధానం. అప్పుడు అమ్మినవారి పూర్తి పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఈమెయిల్ రాతపూర్వకంగా అడగండి. కొన్నవారు అలా అడిగితే ఇవ్వడం ఆ వేదిక బాధ్యత. తర్వాత ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చాలి. ఎవరి బాధ్యత ఎంతో తేల్చే పని కమిషన్‌ది.

మూడోది, “వాపసు గడువు దాటింది, రిపేరు మాత్రమే చేస్తాం.” నిజానికి తొలి రోజుల్లో కనిపించిన చిన్న లోపానికి రిపేరు ఒప్పుకోవడం తప్పు కాదు. అయితే ఒప్పుకునేటప్పుడు, లోపం మళ్లీ వస్తే డబ్బు వాపసు కోరే హక్కును వదులుకోవడం లేదని ఒక్క వాక్యం రాసి పంపాలి. ల్యాప్‌టాప్ ఇచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ (రిపేరుకు ఇచ్చినట్టు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) తీసుకోవాలి, అందులో లోపాన్ని మీరు చెప్పినట్టే రాయించాలి. “కస్టమర్ సంతృప్తి చెందారు” అన్న చోట, యంత్రాన్ని ఆన్ చేసి చూడకుండా సంతకం పెట్టవద్దు. అదే లోపానికి మూడు జాబ్ షీట్లు ఉన్నాయంటే, రిపేరుతో అది తీరేది కాదని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగోది, డబ్బుకు బదులు తమ వాలెట్‌లో జమ చేస్తామనడం. మీరు చెల్లించినది డబ్బు, తిరిగి రావలసినదీ డబ్బే. ఇష్టమైతే తప్ప ఒప్పుకోనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ వెనక్కి పంపే ముందు

ఇక్కడ తొందరపడితే రెండు వైపులా నష్టం. వ్యక్తిగత సమాచారం తుడిచేయకుండా పంపితే మీ ఫోటోలు, బ్యాంకు పాస్‌వర్డులు ముక్కూ మొహం తెలియనివారి చేతికి వెళతాయి. ముందుగానే తుడిచేస్తే లోపాన్ని చూపించే లాగ్‌లు, నివేదికలు వాటితోపాటే పోతాయి. కాబట్టి మొదట లోపాన్ని వీడియో తీసి, నివేదికలను వేరే చోట భద్రపరిచి, ఆ తర్వాతే ఫైళ్ల నకలు తీసుకుని, ఖాతాలన్నిటి నుంచి సైన్ అవుట్ అయి, యంత్రాన్ని రీసెట్ చేయాలి. ఆపిల్ యంత్రంలో, పోయిన యంత్రాన్ని వెతికే ఫైండ్ మై సదుపాయాన్ని ఆపకపోతే, దాన్ని సాకుగా చూపి వాపసు తిరస్కరించవచ్చు. తీసుకువెళ్లడానికి వచ్చిన మనిషి ఎదుట సీరియల్ నంబరు, ఛార్జర్ కనిపించేలా ఫోటో తీసి, రసీదు చేతికి అందాకే ఓటీపీ చెప్పాలి.

ఈఎంఐ మీద కొన్నవారు కోపంతో వాయిదాలు ఆపేయకూడదు. అప్పు ఇచ్చిన బ్యాంకుతో మీకున్న ఒప్పందం వేరు, వాయిదా తప్పితే దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరే. వివాదం సంగతి బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, వాయిదాలు కడుతూ, వడ్డీతో సహా ఫిర్యాదులో కోరాలి. క్రెడిట్ కార్డుతో ఒకేసారి చెల్లించి ఉంటే, ఛార్జ్‌బ్యాక్ కోసం, అంటే చెల్లింపును రద్దు చేసి డబ్బు వెనక్కి ఇప్పించమని, బ్యాంకును అడిగే దారి కూడా ఉంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి అమ్మినవారి జవాబు కోసం నెలలపాటు ఎదురుచూడకూడదు.

హెల్ప్‌లైన్, ఆపైన కమిషన్

రాతపూర్వక ఫిర్యాదుకు ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వారు ఫిర్యాదును నమోదు చేసుకుని సంస్థకు పంపి జవాబు రాబడతారు. హెల్ప్‌లైన్‌కు ఆదేశాలిచ్చే అధికారం లేదు, అయినా చాలా సంస్థలు అక్కడినుంచి వచ్చిన ఫిర్యాదును కస్టమర్ కేర్‌కు వచ్చిన ఫిర్యాదుకన్నా గట్టిగా పట్టించుకుంటాయి.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. పాతకాలపు అలవాటుతో ఇప్పటికీ అందరూ ‘వినియోగదారుల ఫోరం’ అంటారు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించని వ్యవహారాలన్నీ అక్కడికే వెళతాయి. 5 లక్షల వరకు ఫీజు ఏమీ లేదు, అంటే ల్యాప్‌టాప్ కోసం వెళ్లే ఎవరికైనా ఫిర్యాదు ఉచితమేనని అనుకోవచ్చు. అమ్మినవారు ఎక్కడో దూర నగరంలో ఉన్నా సరే, మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన మార్పుల్లో సామాన్యుడికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఇదేనని నేను అనుకుంటాను. ఫలానా నగర న్యాయస్థానాలకే అధికారం అని షరతుల్లో రాసి ఉన్నా భయపడనక్కర్లేదు. ఆర్బిట్రేషన్ షరతు (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. న్యాయవాది తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది, వీడియో ద్వారా విచారణ కోరే వీలూ ఉంది.

వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. దీన్ని రెండేళ్ల వారంటీగా పొరబడకూడదు. ఎనిమిదో నెలలో బ్యాటరీ నీరసించిందంటే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల అని ఎదుటి పక్షం వాదిస్తుంది, ఆ వాదనలో బలం ఉంటుంది కూడా. అదే ఎనిమిదో నెలలో మదర్‌బోర్డు పోయి, ఏడాది వారంటీ ఉంటే మీ వైపు బలం ఉంటుంది.

ఫిర్యాదులో మీ వివరాలు, ఎదుటి పక్షాల చిరునామాలు, జరిగిన విషయం తేదీల వరుసలో, మీరు కోరేది, అఫిడవిట్, ఆధారాలు ఉండాలి. నోటీసు అందిన ఎదుటి పక్షం 30 రోజుల్లోగా జవాబివ్వాలి, కమిషన్ మరో 15 రోజులకు మించి పొడిగించదు. లోపం మామూలుగా చూస్తే తేలనిదైతే కమిషన్ యంత్రాన్ని ప్రయోగశాలకు పంపుతుంది. అక్కడి నుంచి 45 రోజుల్లో నివేదిక రావాలి, ఆ పరీక్ష రుసుము మొదట ఫిర్యాదుదారే కట్టవలసి ఉంటుంది. బ్యాటరీ నివేదిక, జాబ్ షీట్లు వంటివి ముందే జతచేయమనడం ఇందుకే: కాగితాల మీదే లోపం స్పష్టంగా కనిపిస్తే పరీక్ష అవసరం రాకపోవచ్చు. పరీక్ష లేని ఫిర్యాదును మూడు నెలల్లో, పరీక్ష అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంతకన్నా ఆలస్యం జరుగుతుందని తెలిసే వెళ్లాలి.

లోపం రుజువైతే కమిషన్ దాన్ని సరిచేయమనవచ్చు, లోపం లేని మరో వస్తువు ఇమ్మనవచ్చు, ధరను వడ్డీతో తిరిగి ఇమ్మనవచ్చు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించవచ్చు. మీరు కోరనిది సాధారణంగా రాదు కాబట్టి కొరియర్ ఖర్చులు, ఈఎంఐ వడ్డీ, పని ఆగిన రోజుల నష్టం, అన్నిటినీ బిల్లులతో సహా విడివిడిగా చూపించాలి. జరగని నష్టాన్ని లక్షల్లో వేసి అడిగితే ఉన్న నష్టం మీద కూడా నమ్మకం సడలుతుంది.

తీర్పు మీద 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే డబ్బు కట్టమని తీర్పు వచ్చిన పక్షం అందులో సగం జమ చేస్తేనే అప్పీలును స్వీకరిస్తారు. అప్పీలూ చేయకుండా, డబ్బూ ఇవ్వకుండా ఉంటే అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయాలి. ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది. డబ్బు మీ ఖాతాలో పడేవరకు ఆ ల్యాప్‌టాప్‌ను, దాని పెట్టెను, ఛార్జర్‌ను ఉన్నవి ఉన్నట్టు భద్రంగా ఉంచండి. తీర్పు తర్వాత యంత్రాన్ని అప్పగించేటప్పుడు కూడా సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి.